రెండు మందులు వాడినా ఆగని ఫిట్స్‌కి మూడో మందు: మా పాప విషయంలో నా అనుభవం

మా పాపకి ఏడేళ్లు నిండాయి. ఫిట్స్ మొదలైంది మూడేళ్లప్పుడు. ముందు ఒక మందు, అది చాలక రెండోది, ఆ రెండూ కలిపి వేసినా ఆగకపోతే మూడోది. ఈ మూడోది కలపడం గురించే రాద్దామనిపించింది. మొదటి మందు గురించైతే అందరూ చెప్తారు, ఎన్ని పూటలు వెయ్యాలి, ఎన్నేళ్లు వెయ్యాలి, ఎప్పుడు ఆపొచ్చు అని. మూడోదాని దగ్గరికొచ్చేసరికి చీటీలో ఇంకో పేరు చేరుతుంది, అంతే, తల్లిదండ్రులు కూడా ఏదో ఒకటి పనిచేస్తే చాలనుకునే స్థితిలో ఉంటారు కాబట్టి పెద్దగా అడగరు. మాకు దొరికిన పిల్లల న్యూరాలజిస్ట్ మాత్రం మందు పేరు రాయకముందే "ఇది పనిచెయ్యకపోతే ఎప్పుడు తీసేద్దాం?" అని అడిగారు. నాకు చిరాకేసింది. ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే తీసెయ్యడం గురించి మాటలేంటి అని. ఇప్పుడు ఎవరైనా ఇదే పరిస్థితిలో ఉండి నన్ను అడిగితే నేను చెప్పే మొదటి మాట అదే.

పాపకి వచ్చేవి ఒక రకం కాదు. పగలు నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కుప్పకూలిపోతుంది, దాన్ని డ్రాప్ అటాక్ అంటారు, ఒంట్లో పట్టు ఒక్క క్షణం పోయి మళ్లీ వచ్చేస్తుంది, వెంటనే లేచి కూర్చుంటుంది కూడా, కానీ ఆ క్షణంలోనే గడ్డం పగులుతుంది, పన్ను ఊడుతుంది. తెల్లవారుజామున నిద్రలో ఒళ్లంతా బిగుసుకుపోయేవి ఇంకో రకం. ఇవి కాక మాట్లాడుతూ మాట్లాడుతూ చూపు ఎక్కడో నిలిచిపోయేవి. మెదడులో కరెంటు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష తీసి, ఈ మూడు రకాలూ కలిపి చూసి, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అన్నారు, అంటే చిన్నప్పుడే మొదలై రకరకాల ఫిట్స్ కలిసి వచ్చే, తేలిగ్గా లొంగని మూర్ఛ. ఎంఆర్ఐలో ఏమీ కనబడలేదు, జీన్ టెస్టులోనూ ఏమీ తేలలేదు. కారణం దొరికుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే కొన్ని కారణాలకి ప్రత్యేకంగా ఫలానా మందు అని ఉంటుంది, కొన్నిటికి ఆపరేషన్ దారి ఉంటుంది. మాకు అవేవీ లేవు, మందులు ఒకదాని మీద ఒకటి కలిపి చూడటమే మిగిలింది.

మొదటి మందు వాల్‌ప్రోయేట్. కొంత తగ్గింది, బరువు పెరిగింది, జుట్టు పల్చబడింది. రెండోది లెవెటిరాసెటమ్. దానితో ఫిట్స్ తగ్గాయో లేదో ఖచ్చితంగా చెప్పలేను కానీ కోపం మాత్రం వచ్చిపడింది. అంతకుముందు అందరినీ పలకరించే పిల్ల, పెన్సిల్ కింద పడితే అరిచి, దాన్నే విరిచి, మళ్లీ విరిగిందని ఏడ్చేది. లెవెటిరాసెటమ్ వాడే పిల్లల్లో కొంతమందికి ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. అప్పట్లో మా అమ్మతో సహా అందరూ గారాబం ఎక్కువైందనే అన్నారు.

సరైన మందులు రెండు, సరైన డోసులో, తగినంత కాలం వాడినా ఫిట్స్ పూర్తిగా ఆగకపోతే దాన్ని మందులకి లొంగని మూర్ఛగా లెక్కవేస్తారు. అంతర్జాతీయ మూర్ఛవ్యాధి సంఘం 2010లో ఖాయం చేసిన నిర్వచనం ఇది. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మంది ఈ కోవలోకి వస్తారు. డాక్టరుగారు ఇంకో లెక్క కూడా చెప్పారు. గ్లాస్గోలో చేసిన పరిశీలన, 2000లో అచ్చయింది: కొత్తగా మందు మొదలుపెట్టిన 470 మందిలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి, ఇంకో 14 శాతానికి రెండోదో మూడోదో వేశాక ఆగాయి, రెండు మందులు కలిపి వాడితే ఆగినవాళ్లు 3 శాతం. వాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే, మా పాపలాంటి కేసులు కావు, అయినా లెక్క ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది. "మూడో మందుతో మొత్తం ఆగిపోతుందని చెప్పను, చెప్తే అబద్ధమవుతుంది. తగ్గించగలం. ఎంత తగ్గితే మీకు చాలు, దానికోసం ఏం వదులుకోగలరు, అది మీరు చెప్పాలి" అన్నారు ఆవిడ. మా ఆవిడ ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మందు వెంటనే మొదలుపెట్టలేదు కూడా. నాలుగు వారాలు ఏ మార్పూ చెయ్యకుండా లెక్క రాసుకుని రమ్మన్నారు. పిల్ల రోజూ పడిపోతుంటే నాలుగు వారాలు ఊరికే చూస్తూ కూర్చోవడమా అనిపించింది. ఆవిడ చెప్పిన కారణం మాత్రం కాదనలేనిది. ఫిట్స్ వాటంతట అవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, మనం డాక్టరు దగ్గరికి పరిగెత్తేది బాగా ఎక్కువైనప్పుడు, ఆ తర్వాత ఏ మందూ వెయ్యకపోయినా కాస్త తగ్గే అవకాశం ఎలాగూ ఉంటుంది, ఆ తగ్గుదల అంతా కొత్త మందు ఖాతాలో పడిపోతుంది. అదనపు మందుల మీద ట్రయల్స్ చేసేవాళ్లూ అందుకే ముందు కొన్ని వారాలు లెక్క కడతారట. తర్వాత పిల్లల పాత మందులు అలాగే ఉంచి కొంతమందికి కొత్త మందు, మిగతావాళ్లకి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఆ ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలోనూ కొందరికి ఫిట్స్ సగానికి తగ్గుతాయి! అది విన్నాక మనసుకి తోచినదాన్ని నమ్మడం మానేశాను.

పుస్తకం ఒకటి పెట్టాం. మొదట్లో మా అమ్మ "ఈరోజు చాలాసార్లు పడింది" అని రాసేది, మా ఆవిడ టైమ్‌తో సహా రాసేది, నేను సాయంత్రం వచ్చి విన్నది రాసేవాణ్ణి, వారం తిరిగేసరికి ముగ్గురి లెక్కా మూడు రకాలుగా తేలింది. అప్పుడు పేజీని నిలువుగా గీతలు కొట్టి, పడిపోయేవి, బిగుసుకునేవి, చూపు నిలిచేవి అని మూడు గడులు పెట్టి, చూసినవాళ్లు అప్పటికప్పుడు ఒక గీత గియ్యాలని, చూడనిది ఊహించి రాయకూడదని అనుకున్నాం. చివర్లో ఒక చిన్న గడి, జ్వరం, నిద్ర లేకపోవడం, వాంతి, మందు ఆలస్యం, ఇలాంటివి రాసుకోవడానికి. చూపు నిలిచేవి ఎలాగూ లెక్కకి దొరకవు, సగం మన కళ్లబడవు, వాటిని వదిలెయ్యమన్నారు. పడిపోయేవైతే చప్పుడు వినిపిస్తుంది, తప్పించుకోవు. అలా రాస్తే వారానికి నలభైకి అటూ ఇటూ తేలాయి. రాత్రివి నాలుగో ఐదో.

మూడో మందుగా క్లోబజామ్ రాశారు. ఈలోగా మా బంధువులబ్బాయికి కార్బమజెపీన్‌తో ఫిట్స్ ఒక్కసారిగా ఆగిపోయాయని, అదెందుకు ఇవ్వరని ఇంట్లో పెద్ద చర్చ. అడిగాను. ఆ అబ్బాయివి మెదడులో ఒకచోట మొదలయ్యే రకం, దానికి అది మంచి మందే, కానీ పాపకి ఉన్న రకాల్లో కొన్నిటిని అదే మందు ఇంకా పెంచే ప్రమాదం ఉందన్నారు. ఒకరికి అమృతమైంది ఇంకొకరికి ఫిట్స్ పెంచగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద రాసుకున్నాం, ఆవిడ తన ఫైల్లో, మేం మా పుస్తకం మొదటి పేజీలో. పూర్తి డోసుకి వచ్చాక పన్నెండు వారాలు చూడాలి. పడిపోయేవి కనీసం సగానికి తగ్గాలి. పిల్ల స్కూల్లో మెలకువగా ఉండాలి. ఈ రెండూ జరగకపోతే మందు నిదానంగా తీసెయ్యాలి. సగం అనే కొలత ట్రయల్స్‌లో వాడేదే. నలభై ఇరవై అయితే గొప్పేముంది అని నేనంటే, "ఇరవైసార్లు తల నేలకి కొట్టుకోదు కదండీ" అని మా ఆవిడ అంది. మెలకువ షరతు కూడా తనే పెట్టించింది. నాకు తట్టలేదు.

మొదటి వారాల్లో అద్భుతమే. వారానికి పది కూడా లేవు. హెల్మెట్ తీసేసి ఇంట్లో తిరిగింది. అందరికీ ఫోన్లు చేసి చెప్పాం, డాక్టరుగారికి తప్ప, ఎందుకంటే ఆవిడ ఏమంటారో తెలుసు: పన్నెండు వారాలు ఆగండి అంటారు. చొంగ కార్చుకోవడం మొదలైంది, మెడలో రుమాలు కట్టాల్సి వచ్చింది, పొద్దున్న మగతగా ఉండేది, అయినా అదేం పెద్ద విషయం కాదనిపించింది. ఆ తర్వాత పుస్తకంలో గీతలు మెల్లగా పెరగడం మొదలయ్యాయి. పన్నెండు, పద్దెనిమిది. క్లోబజామ్ లాంటి మందులకి కొంతమందిలో ఒళ్లు అలవాటు పడిపోయి, మొదట్లో ఉన్న గుణం తగ్గిపోతుంది. డోసు పెంచారు. కాస్త తగ్గి మళ్లీ పెరిగాయి, మగత మాత్రం పెరిగి అక్కడే ఉండిపోయింది. పాప రెండో పీరియడ్‌కే బల్ల మీద తలపెట్టి పడుకుంటోందని టీచరు చెప్పింది. పన్నెండు వారాలకి కూర్చుని లెక్క చూస్తే వారానికి ఇరవై ఐదు దగ్గర ఆగింది. సగం కాలేదు. మెలకువా లేదు.

ఇక్కడే ఆ కాగితం పనికొచ్చింది. అది లేకపోతే నేను ఆ మందుని వదిలేవాణ్ణి కాదు. నలభై నుంచి ఇరవై ఐదుకి వచ్చింది కదా, తీసేస్తే మళ్లీ యాభై అయితే ఎవరిది బాధ్యత, ఉండనివ్వండి అని వాదించేవాణ్ణి. నిజానికి వాదించాను కూడా. అప్పుడావిడ కాగితం నా ముందు పెట్టారు. ఇలా వదలలేక వదలలేక నాలుగైదు మందులు పోగైన పిల్లల్ని రోజూ చూస్తుంటానని, వాళ్లలో కొందరికి ఏ మందు ఏం చేస్తోందో చెప్పే దారి కూడా మిగలదని, మగతే ఎక్కువైతే దానివల్ల కూడా ఫిట్స్ పెరగొచ్చని చెప్పారు. అలాగని వెంటనే ఆపెయ్యలేదు. క్లోబజామ్ ఉన్నపళంగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఇంటి దగ్గర ఎవరూ సొంతంగా అలాంటి పని చెయ్యకూడదు, ఎంత విసుగొచ్చినా సరే. డోసు కొద్దిగా తగ్గించి, మెలకువ వచ్చేదాకా చూసి, ఆ డోసు దగ్గరే నిలిపి, అప్పుడు ఇంకో మందు తెచ్చారు. ఒకసారికి ఒకటే కదపాలి అన్నది ఆవిడ రూలు. రెండు ఒకేసారి మారిస్తే మంచైనా చెడైనా ఎవరి పుణ్యమో తెలియదు.

ఆ వచ్చింది లామోట్రిజిన్. ఇది ఓపికకి పరీక్ష. వాల్‌ప్రోయేట్ వాడుతున్న పిల్లల ఒంట్లో లామోట్రిజిన్ చాలా మెల్లగా బయటికి పోతుంది, అంటే అదే డోసుకి రక్తంలో రెట్టింపుకి పైగా నిలుస్తుంది. గబగబా పెంచితే ఒంటి మీద దద్దుర్లు, అరుదుగా అవి ముదిరి నోరు, కళ్లు, చర్మం ఊడొచ్చే ప్రమాదకరమైన స్థితి రావచ్చు, పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఆ ప్రమాదం ఎక్కువ. అందుకని వాల్‌ప్రోయేట్ ఉంటే బరువుని బట్టి రోజుకి కిలోకి 0.15 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెట్టి రెండు వారాలు, తర్వాత 0.3తో రెండు వారాలు, ఆ తర్వాతే మెట్టు మెట్టుగా పైకి. మా పాప బరువుకి మొదటి డోసు 2 మిల్లీగ్రాములు వచ్చింది. నీళ్లలో కరిగే బుల్లి మాత్ర, చెంచాలో వేసి రెండు చుక్కల నీళ్లు పోస్తే చిటికెలో తెల్లటి గుజ్జవుతుంది, పాప నాలుక బయటపెట్టి నాకేసేది. అంత చిన్న మాత్ర ఆ పెద్ద ఫిట్స్‌ని ఏం చేస్తుంది అని రోజూ అనుకునేవాణ్ణి. ఆ వారాల్లో ఏమీ చెయ్యదు, అది చెయ్యాల్సిన డోసు దగ్గరికి ఇంకా రాలేదు. ఈ సంగతి ముందే చెప్పి ఉండకపోతే నెల తిరక్కుండానే "ఇదీ పనిచెయ్యలేదు" అని కొట్టిపడేసేవాళ్లం. పన్నెండు వారాల లెక్క కూడా మొదటి మాత్ర నుంచి కాదు, పూర్తి డోసుకి చేరిన రోజు నుంచి.

రోజూ స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా చూడమన్నారు, మెడ, చంకలు, వీపు, నోటి లోపల. ఈ దద్దుర్లు వస్తే ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే వస్తాయి. మా ఇంట్లో ఆ రెండు నెలలూ బాత్రూమ్ లైటు కింద పిల్లని అటూ ఇటూ తిప్పి చూడటమే. ఒక శనివారం సాయంత్రం వీపు మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. చేతులు చల్లబడిపోయాయి నాకు. ఫోటో తీసి పంపితే వెంటనే ఫోన్ వచ్చింది. జ్వరం ఉందా? పెదాల మీద, నోట్లో పుళ్లున్నాయా? కళ్లు ఎర్రబడ్డాయా? మెడ దగ్గర గడ్డలు తగులుతున్నాయా? చర్మం నొప్పి అంటోందా? ఇవేవీ లేవు. అయినా రాత్రి డోసు వెయ్యకుండా పొద్దున్నే తీసుకురమ్మన్నారు. చూస్తే చెమటకాయలు. మందు మళ్లీ అదే డోసులో కొనసాగింది. ఒక్క పూట కాబట్టి సరిపోయింది, వరసగా చాలా రోజులు మానేస్తే మాత్రం ఎంత పెద్ద డోసు మీద ఉన్నా మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిందేనట. ప్రయాణాల్లో మందు అయిపోతే ఏం చెయ్యాలో ముందే ఆలోచించి పెట్టుకోవాల్సింది ఇందుకే.

మధ్యలో పాపకి బాగా జ్వరం వచ్చి రెండు వారాల లెక్క పాడైంది, అవి పక్కన పెట్టేశాం. జ్వరంలో ఫిట్స్ పెరగడం మామూలే, దాన్ని మందు తప్పుగా రాసుకోకూడదు. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. వేరే డాక్టరు దగ్గరికి దేనికి వెళ్లినా మందుల లిస్టు చూపించాలి, ఎందుకంటే కొన్ని యాంటీబయోటిక్స్ వీటితో కలిస్తే లెక్కలన్నీ తారుమారవుతాయి. ఉదాహరణకి ఆసుపత్రిలో ఇచ్చే మెరోపెనెమ్ అనే ఇంజెక్షన్ రక్తంలో వాల్‌ప్రోయేట్‌ని బాగా పడగొట్టేస్తుంది. ఆ లిస్టు ఫోటో మా ముగ్గురి ఫోన్లలో ఉంటుంది.

ఫిట్ ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ముందు నుంచీ ఉంది. క్లోబజామ్, ఇదీ ఒకే జాతి మందులు కాబట్టి స్ప్రే కొట్టాక ఊపిరి ఎలా ఆడుతోందో పక్కనే ఉండి చూడమన్నారు. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడటం, ఇవి మా ఇంట్లో ఇప్పుడు అందరికీ వచ్చు. మా అమ్మ మాత్రం పాప చేతిలో తాళంచెవి పెట్టడం మానడానికి చాలాకాలం పట్టింది.

లామోట్రిజిన్ పూర్తి డోసుకి వచ్చాక లెక్క దిగింది. ఈసారి మాయలా కాదు, వారం వారం కొంచెం కొంచెంగా, మధ్యలో ఒక వారం పెరిగి మళ్లీ దిగి. పన్నెండు వారాల చివర్లో పడిపోయేవి వారానికి పన్నెండు, పధ్నాలుగు మధ్య ఉన్నాయి. రాత్రివి పెద్దగా మారలేదు, ఒకటో అరో తగ్గాయేమో, తగ్గాయని గట్టిగా అనను. మొదటి నలభైతో చూస్తే సగం కన్నా బాగా తగ్గింది కాబట్టి మందు పాసైనట్టే. చేతులు వణకడం కొత్తగా వచ్చింది, గ్లాసు పట్టుకుంటే తెలుస్తుంది. వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్ జోడీ ఫిట్స్ మీద బాగా పనిచేస్తుంది, వణుకునీ అలాగే పెంచుతుందన్నారు. వాల్‌ప్రోయేట్ కాస్త తగ్గిస్తే వణుకు తగ్గొచ్చు, కానీ దాన్ని తగ్గిస్తే లామోట్రిజిన్ కూడా రక్తంలో పడిపోతుంది, దాని డోసు మళ్లీ సరిచెయ్యాలి. ఒక తాడు లాగితే ఇంకో రెండు కదులుతాయి ఇక్కడ.

అప్పుడు ఎదురైంది అసలు ప్రశ్న, మొత్తం నాలుగు మందులయ్యాయి, ఏది తీసేద్దాం? డాక్టరుగారు లెవెటిరాసెటమ్ అన్నారు. అది పనిచేస్తున్నట్టు పుస్తకంలో ఎక్కడా ఆధారం లేదు, దాన్ని మొదలుపెట్టినప్పుడు మా దగ్గర లెక్కే లేదు మరి. కోపం మాత్రం అందరికీ కనిపిస్తోంది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయాం, ప్రతి మెట్టు దగ్గరా నాకు టెన్షనే, రాత్రి రెండుసార్లు లేచి చూసేవాణ్ణి. లెక్క పెరగలేదు. అది పూర్తిగా పోయిన కొన్నాళ్లకి పాప ఒకరోజు బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి "నాన్నా, కుందేలు ఎందుకు దాక్కుంది?" అని అడిగి, జవాబు చెప్పేదాకా కూర్చుంది. చివరిదాకా. తర్వాత చిల్లు పడిన రంగు పెన్ను చేతికంటుకుంటే అరవకుండా నా చొక్కాకి తుడిచేసి వెళ్లిపోయింది. మా ఆవిడ వంటింట్లోంచి ఇదంతా చూస్తోంది. ఫిట్స్ తగ్గిన రోజుకన్నా ఆ రోజు తనకి ఎక్కువ సంతోషమనిపించిందట.

ఇంత రాశాక ఒకటి చెప్పాలి, మందు కలపడంలో లేని భయం తీసెయ్యడంలో ఉంటుంది, డాక్టర్లకీ ఉంటుందనుకుంటా. కలిపినప్పుడు ఏదైనా తేడా వస్తే జబ్బుది తప్పంటారు. తీసినప్పుడు వస్తే తీసినవాళ్లదంటారు. అందుకే చీటీలో పేర్లు పెరుగుతూనే పోతాయి.

గంజాయి మొక్క నుంచి తీసిన మందు ఎందుకు వాడలేదని చాలామంది అడుగుతుంటారు. కాన్నబిడయాల్ అనే శుద్ధి చేసిన మందు ఉన్నమాట నిజమే, లెనాక్స్-గాస్టోకి, పసితనంలోనే మొదలయ్యే డ్రావే సిండ్రోమ్ అనే ఇంకో మొండి మూర్ఛకి 2018లో అమెరికాలో అనుమతించారు, దాన్ని కూడా ఉన్న మందుల మీద అదనంగానే ఎక్కువగా వాడి చూశారు. ఊరికే నూనె పేరుతో అమ్మేదీ ఇదీ ఒకటి కాదు, సీసాలో ఎంత ఉందో ఎవరికి తెలుసు. పైగా క్లోబజామ్‌తో కలిపితే దాని మగత బాగా పెరుగుతుంది, వాల్‌ప్రోయేట్‌తో కలిపితే లివర్ పరీక్షలు తేడాగా రావచ్చు, మా పాప ఆ రెండూ వాడుతోంది. రూఫినమైడ్, టోపిరామేట్ అనే ఇంకో రెండు ఫిట్స్ మందుల పేర్లు కూడా వచ్చాయి. టోపిరామేట్‌తో ఆకలి చచ్చిపోవడం, చెమట పట్టకపోవడం, మాట తడుముకోవడం ఉండొచ్చంటే, మాటలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్న పిల్లకి అది వద్దని మేమే అన్నాం. ఆవిడ సరేనన్నారు. వేరే పిల్లలకి అదే బాగా కుదరొచ్చు.

ఇప్పుడు క్లోబజామ్ కొద్దికొద్దిగా తగ్గిస్తున్నాం, కిందటి మెట్టులో పడిపోయేవి కొంచెం పెరిగాయి, అందుకని ఒక మెట్టు పైకెక్కి ఆగాం. పూర్తిగా తీసెయ్యలేకపోవచ్చు, చిన్న డోసు మీద ఉండిపోవచ్చు. వచ్చే నెల చూపించుకోవడానికి వెళ్లినప్పుడు కీటోజెనిక్ డైట్ గురించి, అంటే కొవ్వు ఎక్కువగా, అన్నం లాంటి పిండిపదార్థాలు బాగా తక్కువగా పెట్టే తిండి గురించి మాట్లాడతామన్నారు, నాలుగు మందులు చూశాక ఐదోది వెతకడం కన్నా దానివైపు చూడటం మేలని ఆవిడ అభిప్రాయం. వాల్‌ప్రోయేట్ విషయం కూడా లిస్టులో ఉంది, ఆడపిల్ల, పెద్దయ్యాక గర్భం వస్తే ఆ మందు బిడ్డకి హాని చేస్తుంది కాబట్టి ఎప్పటికైనా దాన్నుంచి బయటపడే దారి వెతకాలి. పుస్తకం నిండిపోతే కొత్తది కొన్నాం. మొదటి పేజీలో డైట్‌కి కూడా గడువు, కొలత రాయడానికి సగం పేజీ వదిలాను, మా ఆవిడ అప్పుడే అందులో ఒక షరతు రాసేసింది: నాలుగోసారి పాప అన్నం వద్దని ఏడిస్తే మళ్లీ మాట్లాడుకోవాలి అని.